నాలుగు ఇత్తడి బిళ్ళలు

ఏ ఇంట్లో అడుగు పెట్టినా ఓవిలా ముందు రేడియేటర్ మీద చెయ్యి ఆనించేవాడు. అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు. పైన ఒకసారి, అడుగున ఒకసారి. టోపీ తియ్యడం ఆ తర్వాతే. మనుషుల మొహం చూడడం ఆ తర్వాతే. పెళ్ళికి వెళ్ళినా అంతే. చావింటికి వెళ్ళినా, శవపేటిక దగ్గరికి నడిచే ముందు గోడవారగా వెళ్ళి ఇనుము తాకి వచ్చేవాడు. పని చేసి చేసి అరచెయ్యి చెక్కబారిపోయిందనీ, వెనక చర్మానికి మాత్రం అబద్ధం చేతకాదనీ అనేవాడు.

ఇల్లు వాళ్ళ నాన్నది. కింద ఓవిలా, మధ్యలో నేను, పై అంతస్తులో అతని అక్క ఎర్మాన్స్. నేలమాళిగలో ఒకే ఒక్క బాయిలర్. అందులో కాగిన నీళ్ళు గొట్టాలెక్కి, మూడు అంతస్తుల రేడియేటర్లలోనూ తిరిగి, చల్లారి, మళ్ళీ కిందికి దిగేవి. అద్దెకున్నవాళ్ళకి వెచ్చదనం ఇవ్వవలసింది ఇంటివాడే. విలరే పేటలో మా వీధి పొడుగునా అలాగే నడిచేది. ఆ వీధి బాయిలర్లలో సగం ఓవిలా చేతి కిందే ఉండేవి.

పొట్టి మనిషి. మాట తక్కువ. పెళ్ళి చేసుకోలేదు. కోటు జేబులో చదరపు మూతి ఉన్న ఇత్తడి కీ ఒకటి, ఒక తగరపు గ్లాసు. చల్లబడ్డ రేడియేటర్‌కి జబ్బులు నాలుగేనని అతని లెక్క. పైన చల్లగా, అడుగున వేడిగా ఉంటే లోపల గాలి చేరింది. పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటే మడ్డి పేరుకుంది. మొత్తం చల్లగా ఉంటే వాల్వు బిగుసుకుపోయింది, లేదంటే నీళ్ళు అంత ఎత్తుకి చేరడం లేదు. ఐదోది కూడా ఉందనేవాడు. అది ఇనుములో ఉండదు, ఆ గదిలో కూచున్న మనిషిలో ఉంటుంది. పెద్దవాళ్ళకీ, ఒంటరి ఆడవాళ్ళకీ ఎక్కువగా వస్తుందనేవాడు. ఆ మాట అన్నప్పుడు నవ్వేవాడు కాదు. డాక్టరు చెప్పినట్టు చెప్పేవాడు.

ఎర్మాన్స్ అతనికంటే నాలుగేళ్ళు పెద్దది. భర్త పోయాక, అరవై మూడులో, తన కుట్టుమిషనుతో పై అంతస్తుకి వచ్చింది. మొదటి శీతాకాలంలోనే వెనక వరండా కటకటాల మీద నుంచి వంగి కేకేసింది.

"ఒరేయ్ ఓవిలా! నీ ఇనప గాడిద చచ్చింది!"

కింద వంటింటి తలుపు తెరుచుకుంది. "ఏ గాడిద?"

"వెనక గదిలోది. ముందు గదిలోది కూడా మూలుగుతోంది. పైకి రా."

"సూపు తాగుతున్నా."

"తాగు నాయనా, తాగు. ఈలోగా నేను గడ్డకట్టుకుపోతాను. వాకిట్లో నిలబెట్టి తలమీద చీపురు పెట్టు, పిల్లలు మంచుబొమ్మ అనుకుంటారు."

అతను సూపు ముగించాడు. తర్వాత తన పద్ధతి ప్రకారం పని మొదలుపెట్టాడు. ముందు తన ఇంట్లో రేడియేటర్ల వాల్వులన్నీ కట్టేశాడు. తర్వాత నా తలుపు తట్టాడు. లోపలికి వస్తూనే నా రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు, పైన, అడుగున.

"టీచరమ్మా, మీవి కాసేపు కట్టెయ్యండి. నీళ్ళ బలమంతా పైకి పోవాలి. అప్పుడు గాలి బయటికొస్తుంది. నేను కిందికెళ్ళి గొట్టం మీద రెండు దెబ్బలేస్తాను. అప్పుడు విప్పుకోండి."

నేను కట్టేశాను. పైన అతని బూట్ల చప్పుడు. కీ తిప్పినట్టున్నాడు, సన్నగా బుస్సుమంది. ఒక దగ్గు, రెండు దగ్గులు, గ్లాసులో నీళ్ళు పడ్డ చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను వరండాలో బట్టలు తీస్తుంటే పై నుంచి మాటలు వినిపించాయి.

"పెట్టు చెయ్యి."

"పెట్టాను."

"వేడిగా ఉందా లేదా?"

"ఉంది."

"మరి?"

"ఇప్పుడుంది."

"ఇప్పుడున్నది తర్వాతెక్కడికి పోతుందక్కా? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

అతను దిగి వెళ్ళాడు. కాసేపటికి నేలమాళిగలో రెంచి గొట్టాన్ని రెండుసార్లు కొట్టింది. ఠంగ్, ఠంగ్. నేను నా వాల్వులు విప్పాను. అతనూ తనవి విప్పుకున్నాడు.

మర్నాడు ఎర్మాన్స్ మళ్ళీ కేకేసింది.

ఏడేళ్ళపాటు ఇలాగే జరిగింది. ఆమె పిలిచేది, మేము కట్టేసేవాళ్ళం, అతను పైకి వెళ్ళేవాడు, ఇనుము వేడెక్కేది, రెండు దెబ్బలు. అతను గాలి తీశాడు. వాల్వులు మార్చాడు. ఒక వేసవిలో నీళ్ళన్నీ ఒంపేసి మడ్డి కడిగాడు. కిటికీ సందుల్లో ఉన్ని కుక్కాడు. తను చేసిన ప్రతి పనికీ చివర అదే పద్ధతిలో పరీక్షించేవాడు. పరీక్షలో ప్రతిసారీ రేడియేటర్ నెగ్గేది.

"చిన్నప్పుడు కూడా నీకు చలెక్కువే. బడికి వెళ్తూ ఏడ్చేదానివి."

"ఏడ్చింది నువ్వురా. నా చేతి తొడుగులు నీకు తొడిగి నేను చేతులు చంకల్లో పెట్టుకుని నడిచాను. అప్పుడు లేని చలి ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

"వయసు."

"నీ మొహం. ఊరందరికీ నువ్వు వైద్యుడివి. తోబుట్టువు దగ్గరికొచ్చేసరికి వయసు."

నా అంతస్తు మాత్రం కాగిపోయేది. జనవరిలో, బయట ముక్కు గడ్డకట్టే చలిలో, నేను పడకగది కిటికీ వేలెడు తెరిచి ఉంచేదాన్ని. పైన ఎర్మాన్స్ నడిచేది. ముందు గది నుంచి వెనక గదికి, వెనక నుంచి ముందుకి. కాసేపు కుట్టుమిషను, మళ్ళీ నడక. ఒంటరి మనిషి, తోచక తిరుగుతోంది అనుకునేదాన్ని. ఒళ్ళు వెచ్చబెట్టుకోడానికి నడుస్తోందని నాకు తట్టలేదు. నా కిటికీలోంచి బయటికి పోతున్నది ఎవరి వేడి అన్నది కూడా తట్టలేదు.

ఎనిమిదో శీతాకాలం నుంచి ఆమె పిలవడం మానేసింది. బాగయిందనుకున్నాడు ఓవిలా. "చూశారా టీచరమ్మా, మడ్డి తీశాకే కుదిరింది," అన్నాడు. ఆమె మెట్ల మీద ఎదురైనప్పుడు నవ్వేది, అయితే మునుపటి మాటలు లేవు. రెండు స్వెటర్లు, వాటి మీద భర్త కోటు. వేలి కొసలు కత్తిరించిన తొడుగులతో బట్టలు కుట్టేది. నేను చూశాను. అడగలేదు.

డెబ్బై నాలుగులో ఆమె ఖాళీ చేసింది. జూలై ఒకటి, ఊరు ఊరంతా ఇళ్ళు మారుతూ సామాన్లతో వీధిలో ఉండే రోజు. మెట్లెక్కలేకపోతున్నానని చెప్పింది. ఉత్తరాన సిస్టర్లు నడిపే వృద్ధుల ఇంట్లో గది దొరికిందట. ఓవిలాకి ఆ సంగతి మేలో తెలిసింది. రెండు నెలలు నోరు మెదపలేదు. సామాను దింపేవాళ్ళు ఫ్రిజ్జుని తాళ్ళతో కట్టి వరండా మీద నుంచి దించుతుంటే కింద నిలబడి ఉన్నాడు. ఎర్మాన్స్ కుట్టుమిషను తల చేతుల్లో పెట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. చివరి మెట్టు మీద ఆగింది.

"పోతున్నాను రా."

"నీకు మెట్లు కాదు కష్టం," అన్నాడు ఓవిలా. సామాను మోసేవాళ్ళు వింటున్నారు. ఎదురింటి వాళ్ళూ వింటున్నారు. "ఆ చలే కారణం. ఎక్కడికెళ్ళినా అది నీతోనే వస్తుంది. నీ చలి గదిలో లేదక్కా, బుర్రలో ఉంది."

ఆమె మిషను తలని కొంచెం పైకి సర్దుకుంది. లారీ ఎక్కింది. వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత రెండు శీతాకాలాలు అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు లేవు. క్రిస్మస్‌కి ఆమె తొడుగులు అల్లి పంపింది, చీటీ లేకుండా. అతను తొడుక్కోలేదు. బాయిలర్ పక్కన మేకుకి తగిలించాడు.

పైకి లీజ్, రెజాన్ వచ్చారు. పెళ్ళయి ఏడాది. వాళ్ళకి మరుసటి ఏడాది శరత్కాలంలో పాప పుట్టింది. రెజాన్ రాత్రిళ్ళు బేకరీలో పని చేసేవాడు, పగలంతా నిద్ర. లీజ్ మొదటి శీతాకాలం ఓర్చుకుంది. రెండో జనవరిలో, పాపకి దగ్గు పట్టుకున్నాక, కిందికి దిగి ఓవిలా తలుపు కొట్టింది.

పద్ధతి ప్రకారం అన్నీ జరిగాయి. మేము కట్టేశాం. పైన ఇనుము వేడెక్కింది. రెండు దెబ్బలు. అలా మూడుసార్లు. నాలుగోసారి లీజ్ అతన్ని పిలవలేదు. తనే వచ్చింది, పాపని దుప్పట్లో చుట్టుకుని. ఓవిలా అప్పుడు మా వంటింట్లో కుళాయి బాగు చేస్తున్నాడు. ఆమె ఒక కాగితం బల్ల మీద పెట్టింది.

"ఏమిటిది?"

"ఉయ్యాల పక్కన థర్మామీటర్ పెట్టాను. గంట గంటకీ రాశాను. చూడండి."

"అమ్మాయ్, ఆ గాజు గొట్టాలు నమ్మకూడదు. చెయ్యి..."

"మీ చెయ్యి మీతోపాటే కిందికి వెళ్ళిపోతుంది కదండీ. ఈ గాజు గొట్టం నాతోనే ఉంటుంది."

నేను నవ్వాను. ఓవిలా నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఇక్కడ మీరొచ్చారు," లీజ్ వేలు పెట్టి చూపించింది. "పద్నాలుగు డిగ్రీలు ఇరవై అయింది. ఇక్కడ మీరు గొట్టం మీద కొట్టారు. ఇక్కణ్ణించి చూడండి. గంటకి పద్దెనిమిది. రెండు గంటలకి పదహారు. మళ్ళీ పద్నాలుగు. మూడుసార్లూ అంతే. మీరుంటేనే అవి వేడెక్కుతాయి. మీరు మా ఇంట్లోనే ఉండిపోండి పెద్దాయనా, పాపకి పొయ్యి అవసరం ఉండదు."

ఓవిలా కాగితం పట్టుకునే ఉన్నాడు. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. దాన్ని కట్టడం మరిచిపోయాడు.

"కొట్టాక," అన్నాడు చివరికి.

"ఆ. కొట్టాక."

"కొట్టాక మనం విప్పుతాం," అన్నాడు నా వంక చూసి. నాకు చెబుతున్నట్టు లేదు.

అతను ఆ రోజు తన వాల్వులు కట్టలేదు. నన్నూ కట్టొద్దన్నాడు. అన్నీ మామూలుగా తెరిచి ఉంచి, పైకి వెళ్ళి, వెనక గదిలో, ఉయ్యాల పక్కన కుర్చీ వేసుకుని కూచున్నాడు. చేతి వెనక వైపు ఇనుముకి ఆనించి. లీజ్ టీ ఇస్తే ఎడమ చేత్తో తాగాడట. రెండు గంటలు. కోటు విప్పలేదు. రెండో గంటలో కోటు బొత్తాలు కూడా పెట్టుకున్నాడట.

శనివారం పొద్దున బాయిలర్ ఆపాడు. పై అంతస్తులోని నీళ్ళు ఒంపేశాడు. నేను బాల్చీ పట్టుకుని పక్కన నిలుచున్నాను. వెనక గది రేడియేటర్‌ని గొట్టానికి కలిపే పెద్ద నట్టు తుప్పుపట్టి ఉంది. రెంచికి ఇంకో గొట్టం తొడిగి, మొత్తం బరువు వేసి తిప్పాడు. నట్టు ఊడింది. నల్లటి నీళ్ళు కాసిని బాల్చీలో పడ్డాయి. వాటితో పాటు టింగ్‌మని ఏదో పడింది.

అతను చెయ్యి ముంచి తీశాడు. ఒక ఇత్తడి బిళ్ళ. మధ్యలో చిన్న బెజ్జం, పెన్సిలు కొస పట్టేటంత. బొటనవేలితో మసి తుడిచాడు. అంచున వరసగా మూడు చుక్కలు ఉన్నాయి, మేకుతో కొట్టినవి.

తను చేసిన ప్రతి పని మీదా ఓవిలా వేసే గుర్తు అది. మా వీధిలో అందరికీ తెలుసు.

అతను నేల మీదే కూచున్నాడు. అక్కడి నుంచే చెప్పాడు. నన్ను చూడకుండా, ఊడిన నట్టుని చూస్తూ.

బాయిలర్ నీళ్ళని తోసే పంపు లేని రోజుల్లో వేడినీళ్ళు వాటంతటవే పైకి పోయేవి. పై అంతస్తు ఉడికిపోయేది, కింద నాన్న వణికేవాడు. ముప్ఫై ఎనిమిదిలో ఇత్తడి రేకు కత్తిరించి, బెజ్జాలు పొడిచి, పైనున్న నాలుగు రేడియేటర్ల మూతుల్లోనూ తనే ఈ బిళ్ళలు పెట్టాడు. నీళ్ళు కొంచెం కొంచెంగా పైకి వెళ్ళి, మిగతావి కిందే తిరిగేలా. మంచి పని అది. నాన్న మెచ్చుకున్నాడు. అరవై ఒకటిలో పంపు పెట్టాడు. పంపు పెట్టిన రోజే బిళ్ళలు తీసెయ్యాలి. పంపు నీళ్ళని తేలికైన దారిలో తోస్తుంది. కింద రెండు అంతస్తుల్లో తెరిచిన దారులుండగా పెన్సిలు బెజ్జంలోకి ఎందుకు దూరుతుంది? ఆ దారులు కట్టేస్తేనే దూరుతుంది. కట్టేసి, ఇదిగో వేడెక్కింది అన్నాడు ఏడేళ్ళు.

"తియ్యాలని తెలుసు. ఆ రోజు, అప్పట్లో పైన అద్దెకున్న రైల్వే వాడి భార్యకి పురిటి నొప్పులు. గది తలుపు మూసి ఉంది. రేపు తీద్దామనుకున్నాను." ఆగాడు. "తీశాననే అనుకుంటున్నాను టీచరమ్మా. తీసినట్టు కూడా గుర్తుంది నాకు."

మిగతా మూడూ తీశాడు. సాయంత్రానికి బాయిలర్ వెలిగించాడు. గొట్టం మీద కొట్టలేదు. నా రేడియేటర్ కొంచెం తగ్గింది. నేను కిటికీ మూశాను. పైన లీజ్ పాపకి ఒక స్వెటర్ విప్పేసిందని తర్వాత చెప్పింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఓవిలా చర్చి మెట్ల మీద నా కోసం ఆగాడు. "అక్క దగ్గరికి వెళ్తున్నాను. మీరు కూడా వస్తారా?" అన్నాడు. చేతులకి ఆమె అల్లిన తొడుగులున్నాయి. ఏడాదికి పైగా మేకుకి వేలాడిన మడత ఇంకా పోలేదు.

సిస్టర్ల ఇంట్లో ఎండాకాలంలా ఉంది. ఎర్మాన్స్ గదిలో కిటికీ సగం తెరిచి ఉంది. ఆమె పలచటి జాకెట్టులో, కుర్చీలో కూచుని పేకముక్కలు పరుచుకుంటోంది. ఓవిలా లోపలికి వెళ్ళాడు. కాళ్ళు వాటంతటవే గోడ దగ్గరికి వెళ్ళాయి. చెయ్యి రేడియేటర్ మీదికి వెళ్ళింది.

"ఏరా," అంది ఎర్మాన్స్ ముక్కల మీద నుంచి తల ఎత్తకుండానే. "రెండేళ్ళకి వచ్చి ముందు దాని నాడి చూస్తున్నావా? కుర్చీలో ఉన్నది నేనురా. నేనింకా వెచ్చగానే ఉన్నాను, చూసుకో."

అతను చెయ్యి తీసేశాడు. టోపీ తీశాడు. జేబులోంచి బిళ్ళ తీసి పేకముక్కల మధ్య పెట్టాడు.

"ఏమిటిది? బొత్తామా?"

"నీ వెనక గదిలోది. రేడియేటర్ మూతిలో ఉంది. నేను పెట్టిందే. తియ్యడం మరిచిపోయాను."

ఇంకా నాలుగు మాటల్లో సంగతంతా చెప్పాడు. నా వాల్వులూ తన వాల్వులూ కట్టెయ్యడం, రెండు దెబ్బలు, విప్పడం. ఒక్క మాట కూడా తన వైపు నుంచి సర్దిచెప్పుకోలేదు. ఎర్మాన్స్ బిళ్ళని తీసుకుని వెలుతురుకి పెట్టింది. బెజ్జంలోంచి కిటికీ వంక చూసింది. అంచున మూడు చుక్కల మీద గోరు నడిపింది.

"ఇంత కంతలోంచా పంపించావు నాకు."

"నీకు చలేసిన మాట నిజమే అక్కా."

"అది నువ్వు చెప్పాలా?" అంది కోపంగా. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వే చెప్పాలి. వచ్చిన చిక్కల్లా అదే," అంది.

లేచి, సొరుగు లాగి, ఒక మాత్రల సీసా తీసి అతని ముందు పెట్టింది. సగం ఖాళీ అయింది.

"ఇవేమిటో తెలుసా? నరాలకి."

"ఎవరికి?"

"నీ పక్కింటావిడకి. నాకేరా. ఏడో చలికాలంలో మొదలుపెట్టాను. నువ్వు చెయ్యి పెట్టి చూశావు, వేడిగా ఉంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను, వేడిగానే ఉంది. నువ్వు దిగి వెళ్ళాక నాకు చలి. అయితే ఇద్దరిలో తప్పెవరిది? వీధిలో అందరూ నిన్ను పిలుస్తారు, నన్నెవరు పిలుస్తారు? డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు లేని చలి వేస్తోందండీ అని చెప్పాను. ఆయన రాసిచ్చాడు."

ఓవిలా సీసాని ముట్టుకోలేదు.

"తగ్గిందా?" అన్నాడు. ఏం అడుగుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

"చలి తగ్గలేదు. నిన్ను పిలవడం తగ్గింది."

బయట నడవాలో ఎవరో భోజనాల బండి తోసుకుంటూ పోయారు. బఠాణీ సూపు వాసన వచ్చింది. నేను చెప్పవలసిన మాట ఒకటి నా నోట్లో ఉంది, నా కిటికీ సంగతి. చెప్పాను. ఎర్మాన్స్ నా వంక చూసింది.

"తెలుసు టీచరమ్మా. మీ కిటికీలోంచి వేడి పైకి వచ్చేది. నా కిటికీ అద్దం మీద మంచు అక్కడ మాత్రం కరిగేది. ఆ పక్కనే కుర్చీ వేసుకునేదాన్ని."

ఓవిలా టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు.

"వచ్చెయ్యక్కా. కింద ముందు గది నీకిస్తాను. మెట్లు లేవు."

"వద్దురా. ఇక్కడ ఉక్కపోత. సిస్టర్లని తిట్టుకుంటున్నాను, పొద్దుపోతోంది." ముక్కలు కలిపింది. మళ్ళీ పరిచింది. "నీ ముందు గదిలో కూచుంటే ఎవర్ని తిట్టాలి?"

"నన్ను తిట్టు."

"నిన్ను తిట్టీ తిట్టీ నోరు నొప్పెట్టే కదా మాత్రలు మింగింది."

అతను నవ్వబోయాడు. రాలేదు. లేచి నిలబడ్డాడు. బిళ్ళ కోసం చెయ్యి చాపితే ఆమె దాని మీద చెయ్యి వేసింది.

"ఇది నాది. పదకొండేళ్ళు నాతో కాపరం చేసింది." బొత్తాల డబ్బా మూత తీసి అందులో వేసింది. తలుపు దాకా వెళ్ళాక పిలిచింది. "ఒరేయ్."

తిరిగాడు.

"నాతో పాటు ఇంకెంతమందికి చెప్పావురా, చలి బుర్రలో ఉందని?"

ఆమె ఆగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. తర్వాత ముక్కల వైపు తిరిగింది.

తిరుగు బస్సులో పక్క పక్కనే కూచున్నాం. కిటికీ అద్దం మీద మంచు. అతను తొడుగు తీసి వేలితో అద్దం మీద గీతలు గీస్తున్నాడు. ఆరు గీతలయ్యాక నాకు అర్థమైంది, ఒక్కో గీతా ఒక ఇల్లని.

"జెర్వే వాళ్ళ ఇల్లు," అన్నాడు. "మూలమీదది. దానికి పంపు నేనే పెట్టాను. యాభై తొమ్మిది. దానికి బిళ్ళలు కూడా నేనే పెట్టాను, యుద్ధానికి ముందు."

"తీశారు కదా?"

"తీశాననే అనుకుంటున్నాను." ఏడో గీత గీశాడు. "అక్కడ పైనుండే పెద్దావిడ రెండుసార్లు పిలిచింది. వెళ్ళాను. కింద కట్టేశాను. వేడెక్కింది."

మా వీధి వచ్చేవరకూ గీస్తూనే ఉన్నాడు. దిగేటప్పుడు అద్దం మీద పన్నెండు గీతలున్నాయి. మొదట గీసినవి అప్పటికే మళ్ళీ మంచు కమ్మి మసకబారాయి.

మర్నాడు పొద్దున నేను బడికి బయల్దేరేసరికి ఓవిలా అవతలి కాలిబాట మీద నడుస్తున్నాడు. భుజాన పెద్ద రెంచి, చేతిలో బాల్చీ. మూలమీద జెర్వే వాళ్ళ ఇంటి బయటి మెట్లు మంచుకట్టి ఉన్నాయి. కటకటాలు పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ కాలితో తట్టి చూసుకుంటూ మూడో అంతస్తుకి ఎక్కాడు. తలుపు కొట్టాడు. శాలువా కప్పుకున్న పెద్దావిడ కొంచెంగా తెరిచింది.

చలికి వీధంతా నిశ్శబ్దంగా ఉంది. మాట కింద వరకూ వినపడింది.

"మీరా ఓవిలా? నేను పిలవలేదే."

అతను లోపలికి వెళ్ళలేదు. బాల్చీ కింద పెట్టాడు. గుమ్మం అవతలే నిలబడి టోపీ తీశాడు.

"అమ్మా, మీకు చలేస్తోందా?" అని అడిగాడు. అడిగి, ఆవిడ చెప్పేవరకూ అక్కడే నిలబడ్డాడు.